మా చేతి గడియారం

పాతబస్తీ మనిషి చేతికి మంచి వాచీ కనబడితే చూసేవాళ్ల మనసులో మూడు మాటలు మెదులుతాయి. ఒకటి, 'నవాబుల ఖాందాన్ కాబోలు'. రెండు, 'దుబాయ్ పైసలు'. మూడోది పైకి అనరు, దొంగసరుకేమో అనుకుంటారు. ఇది ఎవరు కొన్నారు, ఎన్నాళ్లు కష్టపడి కొన్నారు, ఎన్నేళ్లుగా ఈ చేతికి ఉంది అని అడిగేవాళ్లు తక్కువ. మా గురించి అన్ని విషయాల్లో జరిగినట్టే గడియారం విషయంలోనూ జరిగింది. మా చరిత్రను చూసేవాళ్లే ఊహించుకున్నారు, మమ్మల్ని అడగలేదు.

మా ఇళ్లల్లో అలాంటి వాచీ ఒకటి ఉంటుంది. రాడో కావచ్చు, సీకో కావచ్చు, తాత కాలపు ఫేవర్ లూబా కావచ్చు. బ్యాటరీ వాచీ కాదు, స్ప్రింగు మీద నడిచేది. బీరువాలో దాచుకునే నగ కూడా కాదు. రోజూ పొద్దున ఫజర్‌కి లేచి చేతికి పెట్టుకుని, రాత్రి ఇషా అయ్యాక తీసి తలగడ పక్కన పెట్టుకునేది. ఖరీదైనదే, అయినా రోజువారీ తోడు. ఆ తోడు మా దాకా ఎట్లా వచ్చిందో చెప్పుకుందాం.

ముందు మాట దగ్గర మొదలుపెడదాం. తెలుగులో ఘడియ అంటాం, ఉర్దూలో ఘడీ అంటాం. రెండూ ఒకే తల్లి బిడ్డలు. అడుగున చిన్న చిల్లి ఉన్న గిన్నెను నీళ్ల మీద వదిలితే అది నిండి మునిగే కాలం ఒక ఘడియ. 24 నిమిషాలు. రోజుకు 60 ఘడియలు. ఈ లెక్క మేం తెచ్చింది కాదు, మాకంటే ముందే ఈ నేల మీద ఉంది. బాబర్ హిందుస్తాన్ వచ్చినప్పుడు ఈ ఏర్పాటు చూసి ఆశ్చర్యపోయి తన ఆత్మకథలో వివరంగా రాసుకున్నాడు. ఘడియాలీలు కంచు పళ్లెం మీద ఘడియలు కొడుతున్నారు గానీ అది ఏ జామో అర్థం కావటం లేదని, జాము గుర్తు కూడా కలిపి కొట్టమని ఆజ్ఞ ఇచ్చాడు. వచ్చినవాడు ఇక్కడి లెక్కను కొట్టిపారేయలేదు. నేర్చుకున్నాడు, దానికి తనదొకటి కలిపాడు. 'మీరు బయటనుంచి వచ్చారు' అని మమ్మల్ని అనేవాళ్లు ఈ మాట కూడా గుర్తుపెట్టుకోవాలి. తెలుగువాళ్లు మంచి ఘడియ అన్నా, మా నానీమా 'ఘడీ భర్ బైఠో' అన్నా, అది ఆ నీళ్లగిన్నె మాటే.

ఇక ఊరి గడియారాలు. చార్మినార్ కట్టింది 1591లో. దాని నాలుగు వైపులా కనిపించే గడియారాలు పెట్టింది 1889లో. అంటే దాదాపు 300 ఏళ్లు చార్మినార్ గడియారం లేకుండానే నిలబడింది. అజాన్ విని, నీడ చూసి, నౌబత్ విని జనం పొద్దు తెలుసుకున్నారు. 1892లో దీవాన్ అస్మాన్ జా లాడ్‌బజార్ పక్కన మహబూబ్ చౌక్‌లో గడియార స్తంభం కట్టించాడు. చౌమహల్లా ప్రధాన ద్వారం మీద ఖిల్వత్ గడియారం ఉంది. దానికి వారం వారం కీ ఇవ్వాలి, ఒక గడియారపు పనివాళ్ల కుటుంబం ఆ పని చేస్తూ వచ్చింది. 1904లో శాలిబండ దగ్గర రాజా రాయ్‌రాయాన్ తన దేవిడీకి గడియార స్తంభం కట్టించాడు. ఆయన హిందువు. ఆ స్తంభం డయళ్ల మీద అంకెలు ఒకే లిపిలో లేవు. అటునుంచి వచ్చేవాడు ఒక లిపిలో, ఇటునుంచి వచ్చేవాడు మరో లిపిలో టైం చదువుకున్నాడు. టైం మాత్రం ఒకటే! పాతబస్తీ అంటే ఒకే మతం, ఒకే భాష అనుకునేవాళ్లకు ఆ స్తంభం చాలు జవాబు.

అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ గడియారాలన్నీ పెద్దవాళ్లు కట్టించినవి. కింద నిలబడి తల పైకెత్తి చూసింది మేం. మా తాతముత్తాతలందరూ నవాబులు కారు. లక్క గాజులు చేసినవాళ్లు, గుర్రబ్బండి తోలినవాళ్లు, తోళ్లు శుద్ధి చేసినవాళ్లు, దేవిడీల గుమ్మాల దగ్గర కాపలా ఉన్నవాళ్లు. పనివాడికి ఆ గడియారం ఆలస్యమైందని చెప్పడానికే ఉంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒక గడియారం ఉంది, మీరూ చూసే ఉంటారు. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీ నుంచి వచ్చింది. గంట అయ్యేసరికి గడ్డపు బొమ్మ ఒకటి బయటికి వచ్చి ఎన్ని గంటలైతే అన్నిసార్లు కొట్టి లోపలికి పోతుంది. ఇంకో బొమ్మ కమ్మరిలా కూర్చుని సెకండు సెకండుకూ సుత్తి కొడుతూనే ఉంటుంది. పిల్లలు గంట కొట్టే బొమ్మ కోసం ఎదురుచూస్తారు. మా కళ్లు మాత్రం ఆ కమ్మరి మీదే ఉంటాయి. వాడికి సెలవు లేదు.

టైం కూడా ఒకరు నిర్ణయించి ఇచ్చేదే. బ్రిటిష్ ఇండియాలో 1906 జనవరి 1 నుంచి దేశానికంతా ఒకే టైం పెట్టారు. 82న్నర డిగ్రీల రేఖాంశం దానికి ఆధారం. ఆ రేఖ మన కాకినాడకు దగ్గరగా పోతుంది. హైదరాబాద్ దానికి పడమట ఉంది. అంచేత కాకినాడలో పొద్దు నడినెత్తికి వచ్చిన దాదాపు పావుగంటకు గానీ చార్మినార్ నడినెత్తికి రాదు. వాచీలో 12 కొట్టినప్పుడు మాకు పట్టపగలు 12 కాదు. ఏడాది మొత్తం మీద సగటు తీస్తే 16 నిమిషాల తేడా. నవంబరు మొదట్లో సరిగ్గా 12కే పొద్దు నడినెత్తిన ఉంటుంది, ఫిబ్రవరి మధ్యలో 12న్నర అవుతుంది. జొహర్ నమాజు వేళ పొద్దు వాలినాక మొదలవుతుంది గనుక ఈ తేడా మాకు పుస్తకాల్లో లెక్క కాదు, ప్రతిరోజూ అనుభవం. కలకత్తా 1948 దాకా, బొంబాయి 1955 దాకా తమ సొంత టైం వదల్లేదు. ఊరి పొద్దును వదులుకోవడం ఎవరికీ సులువు కాలేదు.

ఆకాశాన్ని కొలిచిన చరిత్ర కూడా పాతబస్తీకి ఉంది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండ దగ్గర తన ఇలాకాలో వేధశాల మొదలుపెట్టాడు. ఇంగ్లండు నుంచి 15 అంగుళాల దూరదర్శిని తెప్పించాడు. 1907లో ఆయన పోయాక సర్కారు దాన్ని తీసుకుంది, నిజామియా వేధశాల అని పేరు. తర్వాత బేగంపేటకు మారి, ప్రపంచ దేశాలు కలిసి చేసిన నక్షత్రాల పటంలో తన వంతు ఆకాశాన్ని ఫొటోలు తీసి లెక్కగట్టింది. పాతబస్తీ పేరు చెబితే కర్ఫ్యూ తప్ప ఏమీ గుర్తురానివాళ్లకు ఈ కథ ఎవరు చెప్పాలి?

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. పేరుకు పోలీసు, వచ్చింది సైన్యం. ఆ తర్వాత జిల్లాల్లో ముస్లింల మీద జరిగిన మారణకాండలో తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. జిల్లాల నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చినవాళ్లతో పాతబస్తీ నిండింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్లు పోవడం గురించి మేం ఏడవం, అది పోవాల్సిందే. కానీ జాగీర్దారుతో పాటు అతని గుమ్మం మీద బతికిన వేలమంది నౌకర్లు, గుమాస్తాలు, సిపాయిలు రోడ్డున పడ్డారు. వాళ్లకు పరిహారం ఎవరూ లెక్కగట్టలేదు. దేవిడీల సామాన్లు ఒక్కొక్కటే అంగళ్లకు చేరాయి. అద్దాలు, గిన్నెలు, షేర్వానీ గుండీలు, వాటితో పాటు గొలుసు గడియారాలు, చేతి గడియారాలు. వాటిని విప్పి, తుడిచి, నూనె వేసి మళ్లీ నడిపించినవాడు ఘడీసాజ్. పెద్దింటి గడియారం లోపల ఏముందో ఆ ఇంటివాళ్లకు తెలియదు, ఘడీసాజ్‌కు తెలుసు.

చేతి గడియారం మగవాళ్ల వస్తువుగా స్థిరపడింది మొదటి ప్రపంచ యుద్ధం కాలంలో. అంతకుముందు మగవాళ్లది జేబు గడియారం. మన దేశంలో వెస్ట్ ఎండ్ కంపెనీ అమ్మిన స్విస్ వాచీల్లో ఒకదాని పేరు 'సవార్', గుర్రపు సిపాయి. ఎవరి చేతికి అమ్ముతున్నారో పేరే చెబుతుంది. 1961లో హెచ్.ఎం.టి. బెంగుళూరులో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో వాచీలు మొదలుపెట్టాక గుమాస్తాల చేతికి, టీచర్ల చేతికి వాచీ వచ్చింది. జనతా, పైలట్, కోహినూర్... పాతబస్తీలో వాటికీ కొదవ లేదు.

ఖరీదైన వాచీ మాత్రం సముద్రం అవతల నుంచి వచ్చింది. 1973 తర్వాత చమురు ధర పెరిగి గల్ఫ్ దేశాల్లో పని పుట్టింది. ఇక్కడ మాకు పని లేదు. సర్కారీ కొలువులు అందలేదు, ఉర్దూ చదువుకు విలువ పోయింది. బార్కస్‌లో నిజాం కాలంలో వచ్చిన అరబ్ సిపాయిల సంతతి ఉంది, వాళ్లకు అటు చుట్టరికాలున్నాయి. ఆ దారి వెంట, ఆ తర్వాత ఏజెంట్ల వెంట, పాతబస్తీ గల్లీ గల్లీ నుంచి మనుషులు వెళ్లారు. మేస్త్రీలుగా, డ్రైవర్లుగా, వెల్డర్లుగా, అరబ్బుల ఇళ్లల్లో వంటమనుషులుగా. కరీంనగర్, కడప జిల్లాల నుంచి వెళ్లిన తెలుగు కూలీలూ వాళ్లతో పాటే ఉన్నారు, ఒకే గదిలో ఒకరి మీద ఒకరు పడకలేసుకుని. రెండేళ్లకో మూడేళ్లకో సెలవు మీద వచ్చేటప్పుడు చేతికి ఒక వాచీ.

ఆ వాచీ ఎందుకు రాడో, ఎందుకు సీకో? ఫ్యాషన్ అనుకుంటారు. కొంత నిజమే. కానీ పనివాడి లెక్క వేరే ఉంది. రాడో డయాస్టార్ 1962లో వచ్చింది. దాని కేసు గట్టి లోహంతో చేసింది, గీతలు పడవు. సిమెంటు, ఇనుము, ఇసుక మధ్య పనిచేసే చేతికి అంతకంటే ఏం కావాలి? సీకో 5 అంతకంటే చవక. నీళ్లకు తట్టుకుంటుంది. రోజుకు అయిదుసార్లు వుజూ చేసే మనిషికి అది పెద్ద సుఖం. గల్ఫ్‌లో అమ్మిన సీకోల్లో వారం పేరు ఒకవైపు తిప్పితే ఇంగ్లీషులో, ఇంకోవైపు తిప్పితే అరబీలో వస్తుంది. అరబీ చదవడం ఖురాన్ వరకే వచ్చిన మా పిల్లలు ఆ చిన్న కిటికీలో 'జుమా' అనే మాట గుర్తుపట్టి ఎగిరి గంతేసేవాళ్లు. రాడో డయల్ మీద చిన్న లంగరు గుర్తు ఉంటుంది, వాచీ కదిలిస్తే అదీ అటూ ఇటూ ఊగుతుంది. లంగరు ఊగడం తగ్గితే నూనె ఆరిందనీ, సర్వీసింగ్ చేయించాలనీ ఇంట్లో చిన్న పిల్లవాడికి కూడా తెలుసు.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. అక్కడి మనవాళ్లను లక్షా డెబ్భై వేల మంది దాకా విమానాల్లో తీసుకొచ్చారు. జీతం బాకీలు అక్కడే, బ్యాంకు కాగితాలు అక్కడే. అట్లా ఒంటి మీది బట్టలతో వచ్చినవాడికి చేతి గడియారమే మిగిలిన ఆస్తి. దాన్ని అమ్మి బియ్యం తెచ్చిన ఇళ్లూ ఉన్నాయి, ఆకలైనా అమ్మని ఇళ్లూ ఉన్నాయి. 'దుబాయ్ పైసలు' అని తేలిగ్గా అనేసేవాళ్లు ఈ రెండు ఇళ్లనూ చూడలేదు.

ఇక దానితో బతకడం. ఆటోమాటిక్ వాచీకి బ్యాటరీ ఉండదు. లోపల అర్ధచంద్రాకారంలో ఒక బరువు ఉంటుంది. చెయ్యి కదిలినప్పుడల్లా అది తిరిగి స్ప్రింగును బిగిస్తుంది. బాలెన్సు చక్రం సెకండుకు ఆరుసార్లో ఎనిమిదిసార్లో కొట్టుకుంటుంది. అంటే గంటకు 21,600 లేదా 28,800. మనిషి నడిస్తే అది నడుస్తుంది, మనిషి పనిచేస్తే దానికి బలం వస్తుంది. తీసి పక్కన పెడితే రెండు రోజులు తిరక్కుండా ఆగిపోతుంది. రోజుకు కొన్ని సెకండ్లు ముందుకో వెనక్కో పోతుంది. అది దాని స్వభావం. వారానికోసారి రేడియో వార్తల ముందు వచ్చే పీప్ శబ్దానికి ముల్లు సరిచేసుకునేవాళ్లం. రంజాన్‌లో మాత్రం ఆ కొన్ని సెకండ్ల మీద అందరి కళ్లూ ఉంటాయి. ముందర ఖర్జూరం, చేతికి వాచీ, చెవి సైరన్ వైపు. మగ్రిబ్ అజాన్ వినబడ్డాక వాచీ ఏం చెబితే ఏంటి! మసీదు గోడ మీద జమాత్ టైములు చూపే డయళ్లుంటాయి. వాటిలో యంత్రం ఉండదు, ముళ్లను చేత్తో తిప్పుతారు. పొద్దు మారితే వాటినీ మారుస్తారు. మా చేతి గడియారం ఆఫీసు టైం చెబుతుంది, మసీదు డయల్ పొద్దు టైం చెబుతుంది. రెండింటి మధ్య ఏ తగాదా లేకుండా మేం బతుకుతూనే ఉన్నాం.

వాచీ చుట్టూ మా లోపలి వాదనలూ ఉన్నాయి. మగవాళ్లకు బంగారం కూడదు గనుక బంగారు రంగు కేసు పెట్టుకోవచ్చా లేదా అని గంటలు గంటలు చర్చ. కుడి చేతికా ఎడమ చేతికా అని ఇంకో చర్చ. ఇవి నవ్వుకునేవి. నవ్వుకోలేనిది ఒకటుంది. పెళ్లిలో దూల్హాకు వాచీ పెట్టడం. జోడే కీ రకం, స్కూటర్, దాంతో పాటు వాచీ. అదీ ఫలానా కంపెనీదే కావాలని మగపెళ్లివాళ్లు పట్టుబట్టడం. ఆ వాచీ కోసం ఆడపిల్ల తండ్రి ఇంకో రెండేళ్లు ఎడారిలో ఉండిపోయాడు. ఆ ఆడపిల్ల చేతికి మాత్రం లాడ్‌బజార్ లక్క గాజులే. ఇంట్లో కూర్చుని జరీ పని, అగరుబత్తీల పని చేసే మా ఆడవాళ్లకు కూలీ గంటల లెక్కన రాదు, ముక్కల లెక్కన వస్తుంది. వాళ్ల టైం ఏ గడియారంలోనూ ఎక్కదు. మహర్ ఇవ్వాల్సిన మతంలో పుట్టి కట్నం పుచ్చుకునే మగవాళ్లు చేతికున్న వాచీ చూసుకుని ఒకసారి ఈ లెక్క కూడా వేసుకోవాలి. బయటివాళ్లను నిలదీసే మనం ఇంట్లోవాళ్లను నిలదీయకపోతే ఆ నిలదీతకు విలువ లేదు.

ఘడీసాజ్ కథ ఇంకా ఉంది. పత్తర్‌గట్టీ కమాన్ల కింద, గుల్జార్ హౌజ్ చుట్టుపక్కల, చార్‌కమాన్ గల్లీల్లో, అద్దాల పెట్టె ముందు కంటికి భూతద్దం బిగించి కూర్చున్న మనిషిని మీరు చూసే ఉంటారు. అబ్బా దగ్గర కొడుకు, ఉస్తాద్ దగ్గర షాగిర్ద్ నేర్చుకున్న విద్య అది. సర్టిఫికెట్ లేదు. వెంట్రుకంత స్ప్రింగును ఊపిరి బిగబట్టి చిమ్టాతో పట్టుకుంటాడు. దొరకని పళ్లచక్రాన్ని పాత వాచీలోంచి తీసి అమరుస్తాడు. 1969 డిసెంబరులో జపాన్‌లో సీకో మొదటి క్వార్ట్జ్ చేతి గడియారం అమ్మకానికి పెట్టింది. ఆ దెబ్బకు స్విట్జర్లాండులో వాచీ పరిశ్రమ కార్మికులు దాదాపు 90 వేల నుంచి మూడోవంతుకు పడిపోయారు. ఇక్కడ 1987లో టైటాన్ వచ్చింది. బ్యాటరీ వాచీ చెడితే బాగుచేసేది తక్కువ, మార్చేది ఎక్కువ. ఘడీసాజ్ సెల్లులు వేసేవాడయ్యాడు, తర్వాత పట్టీలు అమ్మేవాడయ్యాడు, అతని కొడుకు సెల్‌ఫోన్ రిపేరుకు పోయాడు. 2016లో హెచ్.ఎం.టి. వాచీల కంపెనీ మూసివేతకు కేంద్ర ప్రభుత్వం ఒప్పుకుంది. ఇప్పుడు చూడండి విచిత్రం! స్ప్రింగు వాచీ మళ్లీ గొప్పవాళ్ల వస్తువైంది. పాత వాచీలు వెతికి కొనేవాళ్లు బయల్దేరారు. వాచీ ధర పెరిగింది. దాన్ని ఇన్నేళ్లు బతికించిన చేతి కూలీ మాత్రం పెరగలేదు.

ఆఖరుకు, చెప్పడానికి ఇష్టం లేని మాట. 1978, 1984, 1990, 1992... ఈ సంవత్సరాలు చెబితే పాతబస్తీలో అందరికీ ఒకే మాట గుర్తుకొస్తుంది. కర్ఫ్యూ. కర్ఫ్యూలో గడియారానికి పని ఒక్కటే, సడలింపు ఎప్పుడు మొదలు, ఎప్పుడు ముగింపు. ఆ రెండు గంటల్లో పాలు, రొట్టె, మందులు. ముల్లు దాటితే లాఠీ. 2007 మే 18, శుక్రవారం మధ్యాహ్నం, జుమా నమాజు వేళ మక్కా మసీదులో బాంబు పేలింది. చచ్చిపోయింది మేమే, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో పడిపోయిందీ మేమే, అనుమానంతో ఎత్తుకుపోయిందీ మా పిల్లల్నే. తర్వాత కోర్టులు వాళ్లు నిర్దోషులన్నాయి. ఆటోమాటిక్ వాచీ మనిషి చేతికి లేకపోతే రెండు రోజుల్లో ఆగుతుందని చెప్పుకున్నాం. ఎత్తుకుపోయిన పిల్లవాడి ఇంట్లో ఆగిపోయింది వాచీ ఒక్కటే కాదు, చదువు, కొలువు, చెల్లెలి పెళ్లి. నిర్దోషి అని తీర్పు వచ్చినా ఆ టైం తిరిగి రాదు.

ఇది పాతబస్తీకే పరిమితం కాదు. 2011లో బయటపడ్డ గ్వాంటనామో జైలు కాగితాల్లో, ఖైదీ చేతికి కాసియో ఎఫ్-91డబ్ల్యు అనే చవక వాచీ ఉండటాన్ని అనుమానానికి ఒక గుర్తుగా రాసుకున్నారు. ప్రపంచమంతా లక్షల చేతులకు ఉన్న వాచీ అది! 2015 సెప్టెంబరులో అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలో 14 ఏళ్ల ముస్లిం పిల్లవాడు సొంతంగా గడియారం చేసి బడికి తీసుకెళ్తే పోలీసులు బేడీలు వేశారు. పెద్ద చేతికి ఖరీదైన వాచీ ఉంటే దొంగసరుకు, ఖైదీ చేతికి చవక వాచీ ఉంటే బాంబు, పిల్లవాడి చేతిలో గడియారం ఉంటే అదీ బాంబు. తప్పు వాచీలో లేదు. అది ఏ చేతికి ఉందో చూసి తీర్పు చెప్పే కళ్లల్లో ఉంది.

అందుకే ఈ చిన్న వస్తువు చరిత్ర మేం రాసుకోవాల్సి వచ్చింది. నవాబుల ఘనత చాటడానికి కాదు, అది మాది కాదు. నీళ్లగిన్నె ఘడియ నుంచి ఈ ఊరి కాలంలో మాకూ పాలుందని, ఈ వాచీ వెనక ఎడారిలో ఇటుకలు మోసిన భుజం ఉందని, కమాను కింద వంగిపోయిన వీపు ఉందని, లక్క గాజుల చెయ్యి కట్టిన బాకీ ఉందని చెప్పడానికి. ఈసారి బస్సులో మీ పక్కన కూర్చున్న పాతబస్తీ మనిషి చేతికి మంచి వాచీ కనబడితే, మనసులో తీర్పు చెప్పుకోకండి. ఎక్కడిది భాయ్, ఎన్నేళ్లయింది అని అడగండి. మీరు దిగే స్టాపు వచ్చినా ఆ కథ అయిపోదు.